పది రోజుల అతిథులు

శ్రోతలందరికీ నమస్కారం.

మొన్న మే నెలలో ఒక సాయంత్రం, చిత్తూరులోని మా చర్చి హాల్లో ఏడుగురు విద్యార్థులు బ్యాగులు తూకం వేసుకుంటున్నారు. మామిడికాయల మండీలో అడిగి తెచ్చిన కాటా అది. బ్యాగుల్లో బట్టలకంటే పెన్నులు, బిస్కెట్ ప్యాకెట్లు, రంగు పెన్సిళ్ళు, బెలూన్లే ఎక్కువ. మర్నాడు రాత్రి శ్రీలంక ప్రయాణం. పది రోజుల పరిచర్య కోసం. పిల్లల మాటల్లో మిషన్ ట్రిప్. నేను వాళ్ళ మధ్యకు వెళ్ళి, ఫోన్‌లో వచ్చిన ఒక ఉత్తరం చదివి వినిపించి, ఆ వస్తువులన్నీ తీసి పక్కన పెట్టమన్నాను. ఒకమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పెన్నులన్నీ ఆమె ట్యూషన్లు చెప్పి సంపాదించిన డబ్బుతో కొన్నవి.

ఉత్తరం రాసింది అక్కడ మాకు ఆతిథ్యం ఇవ్వబోయే పాస్టర్ గారు. తమిళంలో రాశారు. వాళ్ళది అంపారై జిల్లా, తూర్పు సముద్రం ఒడ్డు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో శ్రీలంక మొత్తం మీద ఎక్కువమందిని పోగొట్టుకున్న జిల్లా అది. ఆ తర్వాత ఎన్నో దేశాల నుంచి బృందాలు వచ్చాయి. ఆయన ఇలా రాశారు: "వచ్చినవాళ్ళలో మంచివాళ్ళే ఎక్కువ. కానీ ఇంత ఎండ కాసే ఊరికి ఊలు కోట్లు కూడా వచ్చాయి. పిల్లలకు బొమ్మలిచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళినవాళ్ళ పేర్లు ఇప్పుడు మాకెవరికీ గుర్తులేవు. మీరు ఏమీ తేవద్దు. వచ్చాక ఏం చెయ్యాలో మేము చెబుతాం."

ఆ ఉత్తరం అంత ఆలస్యంగా రావడానికి కారణం నేనే. మీకేం కావాలని మేం అడిగిందే ఆఖరి వారంలో. ఆరు నెలల నుంచి పిల్లలు పాటలు నేర్చుకున్నారు, తోలుబొమ్మలు తయారు చేశారు, తిరుపతి వెళ్ళి పాస్‌పోర్టులు తెచ్చుకున్నారు. ఎదుటివాళ్ళను అడగాలన్న ఆలోచన మాత్రం నాకు చివర్లో వచ్చింది.

కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని నేను. మా సంఘంలో యువజనుల బాధ్యత చూస్తుంటాను. ఈ ప్రయాణానికి మనిషికి నలభై వేల పైచిలుకు అయింది. కొంత ఆదివారాలు ఆరాధన అయ్యాక ఇడ్లీలు అమ్మి కూడబెట్టారు, కొంత సంఘం ఇచ్చింది. ఒక అబ్బాయి వాళ్ళమ్మ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రోజుకూలీ. ఆమె ఇచ్చిన ఐదు వేలు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు నోట మాట రాలేదు. సంఘ పెద్ద ఒకాయన అప్పుడే అడిగారు: "సార్, ఈ మూడు లక్షలూ అక్కడికే పంపేస్తే ఒక పేద కుటుంబానికి గోడలు లేస్తాయి గదా?" అది న్యాయమైన ప్రశ్న. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ పూట ఆ జవాబు చెప్పుకోవడానికే మీ ముందుకు వచ్చాను.

విద్యార్థులు ఇలా సముద్రం దాటడం ఇప్పటి మాట కాదు. 1806లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఐదుగురు కాలేజీ కుర్రాళ్ళు పొలంలో ప్రార్థన చేసుకుంటుంటే ఉరుములతో వాన పట్టుకుంది. ఒక గడ్డివామి చాటుకు చేరి ప్రార్థన ముగించారు. దూరదేశాలకు వెళ్ళాలన్న నిర్ణయం అక్కడే పుట్టిందని చెబుతారు. నాలుగేళ్ళకు, 1810లో, ఆ ఉత్సాహంలోంచి ఒక మిషన్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు తరఫునే 1819లో డాక్టర్ జాన్ స్కడ్డర్ ఓడెక్కి సిలోను, అంటే ఇప్పటి శ్రీలంక, చేరాడు, జాఫ్నా ప్రాంతంలో పనిచేశాడు, తర్వాత మద్రాసు వచ్చాడు. ఆయన మనవరాలే ఐడా స్కడ్డర్. చిత్తూరు వాళ్ళం ఒంట్లో బాగాలేకపోతే ముందుగా తలుచుకునే రాయవేలూరు ఆసుపత్రి ఆమె పెట్టిందే. ఇప్పుడు మన గుడిపాల దగ్గర కూడా దాని క్యాంపస్ ఉంది. గడ్డివామి నుంచి గుడిపాల దాకా ఆ దారిని మా పిల్లలకు బోర్డు మీద గీసి చూపించాను.

ఐడా కథలో ఒక సంగతిని మనం తొందరగా దాటేస్తాం. ఆమె చదువు ముగించుకుని 1890లో ఇక్కడికి వచ్చింది కొద్దికాలం ఉండి పోదామనే. తల్లికి జబ్బు చేస్తే చూసుకోవడానికి తిండివనం వచ్చింది. ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను కాపాడమని అడిగారు. మా నాన్న డాక్టరు, ఆయన్ను పిలుస్తానంది. పరాయి మగవాడు చూడకూడదన్నారు వాళ్ళు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు. ఆ రాత్రి ఆమె తెలియని వైద్యం చెయ్యడానికి పోలేదు. అమెరికా తిరిగి వెళ్ళి డాక్టరు చదువు పూర్తి చేసి, 1900లో వేలూరు వచ్చి, ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టింది. కొద్దిరోజుల కోసం వచ్చిన మనిషి, తనకు ఏమి రాదో తెలుసుకుని, అది నేర్చుకోవడానికి వెనక్కి వెళ్ళింది. నాకు ఆ కథలో అన్నిటికంటే గొప్పగా కనబడేది ఆ వెనక్కి వెళ్ళడమే.

మాతో వచ్చినవాళ్ళలో ఇద్దరు నర్సింగ్ అమ్మాయిలు. బీపీ మిషను, స్టెతస్కోపు తెచ్చుకున్నారు. పల్లెల్లో క్యాంపు పెడదామని వాళ్ళ ఆశ. పాస్టర్ గారు వాళ్ళను ఒక ప్రభుత్వ మిడ్‌వైఫ్ దగ్గరకు పంపి, ఆమె వెంట తిరిగి చూసి రమ్మన్నారు. శ్రీలంకలో ఊళ్ళను భాగాలుగా పంచి, ప్రతి భాగానికీ ఒక మిడ్‌వైఫ్‌ను పెడతారు. గర్భిణీలు ఎవరో, ఎన్నో నెలో ఆమెకు తెలిసి ఉంటుంది. ఇళ్ళకే వెళ్ళి చూస్తుంది. ప్రభుత్వ వైద్యం ఉచితం. 1926లో కలుతరలో మొదటి హెల్త్ యూనిట్ పెట్టినప్పటి నుంచి పెంచుకుంటూ వచ్చిన పద్ధతి ఇది. కాన్పులో తల్లులు చనిపోవడం మన దేశంలో కంటే అక్కడ చాలా తక్కువ. మూడు రోజులు ఆ అక్క వెంట నడిచి వచ్చాక ఒకమ్మాయి నాతో అంది: "సార్, మనం వీళ్ళకు నేర్పేదానికి వచ్చినామా?" బీపీ మిషను బ్యాగులోంచి బయటికి తియ్యలేదు.

వెళ్ళిన చోటివాళ్ళు చెప్పిన పనే చెయ్యాలన్న ఈ సంగతి తిరుపతి వైపు శ్రోతలకు చెప్పడం తేలిక. శ్రీవారి సేవ మీకు తెలుసు. 2000వ సంవత్సరం నుంచి ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో వారం రోజుల కోసం తిరుమల వస్తున్నారు. మా పక్కింటావిడ కూడా వెళ్ళి వచ్చారు. వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కూరగాయలు తరిగే పని పడిందట. బ్యాంకు మేనేజరు అయినా, టీచరమ్మ అయినా వేసిన డ్యూటీ చెయ్యాల్సిందే. ఆ వారం సేవ ఎందుకు పనికొస్తుందంటే, ఏడాది పొడవునా అక్కడ ఉండేవాళ్ళు పని ఎక్కడ ఉందో చూసి పెడతారు కాబట్టి. నేను క్రైస్తవుణ్ణి. నా విశ్వాసం వేరు. అయినా ఆమె చెబుతుంటే, మా పిల్లల్ని పంపేముందు వినిపించాల్సిన పాఠం పక్కింట్లోనే ఉందనిపించింది.

ఇక ప్రయాణం. చిత్తూరు నుంచి చెన్నై విమానాశ్రయం చేరడానికి పట్టిన టైములో సగం కూడా పట్టలేదు చెన్నై నుంచి కొలంబోకి. అక్కణ్ణుంచి రాత్రంతా బస్సు.

రెండో రోజే ఒక పొరపాటు జరిగింది. మా అబ్బాయి ఒకడు, చెప్పులు లేని పిల్లవాణ్ణి చూసి తట్టుకోలేక, జేబులోంచి డబ్బు తీసి ఇచ్చాడు. మర్నాడు పొద్దున మేము దిగిన ఇంటి ముందు ఇరవై మంది పిల్లలు నిలబడి ఉన్నారు. వాళ్ళలో కొందరి తల్లిదండ్రులు పాస్టర్ గారి దగ్గరకు వచ్చి, "మా పిల్లలు చెయ్యి చాచే పిల్లలు కాదయ్యా" అన్నారు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. తానే ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నారు. ఆ అబ్బాయి ఆయన వెనకాలే తలవంచుకుని నడిచాడు. ఇచ్చిన మనసు చెడ్డది కాదు. కానీ మేం పది రోజుల్లో వెళ్ళిపోతాం. మేం చేసినది ఆ ఊళ్ళో ఉండిపోతుంది, దాన్ని మొయ్యాల్సింది ఆయన.

సువార్త చెప్పారా అని మీలో కొందరికి ప్రశ్న ఉంటుంది. ఆదివారం వాళ్ళ గుడిలో మా పిల్లలు పాడారు, ఒకమ్మాయి తన సాక్ష్యం, అంటే తన విశ్వాస అనుభవం, చెప్పింది. అడిగినవాళ్ళకు ఎవరి మాటల్లో వాళ్ళు తమ నమ్మకం చెప్పుకున్నారు. అంతవరకే. ఆకలిగా ఉన్న చేతిలో బిస్కెట్టు పెట్టి, ఆ చేతుల్నే ప్రార్థనకు జోడించమనడం నాకు పాపంగా తోస్తుంది. క్రీస్తు పేరుతో వెళ్ళేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాల్సిన చోటు అది.

అసలు పని ఐదో రోజు చెప్పారు. "మీరు తెలుగువాళ్ళు కదా. అక్కరైపట్టు దగ్గర అలికంబై అని ఒక ఊరుంది. అక్కడివాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే. వెళ్ళి పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి" అన్నారు పాస్టర్ గారు.

శ్రీలంకలో తెలుగు మాట్లాడే సంచార జాతి ఒకటి ఉందని మాలో ఎవరికీ తెలియదు. అహికుంటకులు అంటారు వాళ్ళను. పాములాడించడం, కోతులాడించడం, ఆడవాళ్ళు చెయ్యి చూసి చెప్పడం వాళ్ళ పాత వృత్తులు. గుడారాలతో ఊరూరా తిరిగినవాళ్ళు ఇప్పుడు కొన్ని ఊళ్ళలో స్థిరపడ్డారు. అలికంబైలో చాలామంది క్రైస్తవులు. అనురాధపురం వైపు కుడాగమలో ఉన్నవాళ్ళది బౌద్ధం. వాళ్ళ తెలుగుకు రాత లేదు. బడి చదువు తమిళంలోనో సింహళంలోనో కాబట్టి, పిల్లల నోట అది తగ్గిపోతోంది.

వేపచెట్టు కింద ఒక అవ్వ మా పిల్లల్ని చూసి మొదట అడిగిన మాట: "కూడు తింటిరా?" మావాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మన దగ్గర ఆ మాట తిట్టులాగా అయిపోయింది కదా. ఆ అవ్వ నోట మాత్రం అది ఎంతో ఆప్యాయంగా వచ్చింది. నీళ్ళు, ఇల్లు, పాము, బిడ్డ అందాయి. మధ్యమధ్య వేరే భాషలు కలిస్తే కొన్ని అందలేదు. తమిళం చిత్తూరు పిల్లలకు కొత్త కాదు గనక, తెలుగు ఆగిన చోట తమిళం పట్టుకున్నారు. పెన్నులు వదిలేసి కన్నీళ్ళు పెట్టుకున్న ఆ అమ్మాయి ఒక నోటు పుస్తకం తెరిచి, అవ్వ చెప్పిన మాటలు తెలుగు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టింది. అవ్వ మనవరాలు పక్కన చేరి, తన ఇంటి మాట కాగితం మీద ఎలా ఉంటుందో వంగి చూసింది. మూడు రోజులు అదే పని. ఇవ్వడానికి ఏమీ లేకుండా వెళ్ళాం కాబట్టే ఆ కూర్చోవడం కుదిరిందని నేను నమ్ముతున్నాను. వచ్చేటప్పుడు ఆ పుస్తకం అక్కడే ఇచ్చి, జిరాక్స్ మేం తెచ్చుకున్నాం.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారిని తెలుగు క్రైస్తవులు మరిచిపోరు. తిరునల్వేలి మనిషి. తెలుగు నేర్చుకుని, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. 1902లో ఆయన జాఫ్నా వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో ఇవతలి ఒడ్డుకు సేవకుల్ని పంపుతుండడం చూశారు. మరుసటి ఏడాదే తిరునల్వేలిలో అలాంటి సంఘం మొదలైంది. 1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మిషనరీలను ముఖం మీదే అడిగారు: మీ ఆస్తి ఇచ్చారు, ప్రాణాలు ఇచ్చారు, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అని. మూడు లక్షల ప్రశ్న వేసిన మా సంఘ పెద్దకు నా జవాబు అజరయ్య గారి ఆ మాటలోనే ఉంది. డబ్బు పంపగలం, పంపాలి కూడా. వేపచెట్టు కింద కూర్చోవడాన్ని మాత్రం పంపలేం. కానీ వెళ్ళొచ్చాక ఫోన్ చెయ్యడం మానేస్తే, మా సంఘ పెద్ద ప్రశ్నే గెలుస్తుంది. అందుకే నెలకో శనివారం వీడియో కాల్ పెట్టుకున్నాం. రెండుసార్లు తప్పింది. మళ్ళీ పట్టుకున్నాం.

వచ్చాక ఆ అమ్మాయి పలమనేరులో ఉన్న తన అవ్వకు ఫోన్‌లో రికార్డు చేసిన మాటలు వినిపించింది. మనవరాలికి అర్థం కానివి ఆమె కొన్ని విప్పి చెప్పింది. కూడు మాట వినగానే, "మేమూ చిన్నప్పుడు అట్లే అంటావుంటిమి" అందట.

ఈ జనవరిలో అలికంబై నుంచి ఇద్దరు యువకులు చిత్తూరు వస్తున్నారు, పది రోజులకు. ఈసారి పని చెప్పాల్సింది మేము. ఏం చెప్పాలో సంఘంలో ఇంకా మాట్లాడుకుంటున్నాం. తెలుగు అక్షరాలు నేర్చుకోవాలని వాళ్ళు అడిగారు. పలమనేరు అవ్వ మాత్రం కబురు పంపింది, బస్సు దిగిన రోజు కూడు తన ఇంట్లోనే అని.

నమస్కారం.