మాల్టాకు ఆరు సీట్లు

శ్రోతలకు నమస్కారం. మధ్యధరా సముద్రంలో, ఇటలీకి దక్షిణాన, సిసిలీ దాటాక మాల్టా వస్తుంది. దీవులన్నీ కలిపితే 316 చదరపు కిలోమీటర్లు, జనం ఐదు లక్షల పైచిలుకు. 2004 మేలో ఈ దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరింది. మరుసటి నెలలోనే యూరోపియన్ పార్లమెంటుకు సభ్యులను ఎన్నుకుంది.

ఆ సభలో ఇప్పుడు 720 మంది ఉన్నారు. జర్మనీకి 96 సీట్లు, మాల్టాకు 6. అచ్చంగా జనాభా లెక్కనే పంచితే మాల్టాకు ఒక్క సీటు రావడమూ కష్టమే. కానీ ఏ దేశానికీ ఆరుకు తగ్గకూడదు, 96కు మించకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు. పెద్ద దేశాల్లో దీని మీద గొణుగుడు లేకపోలేదు. మాల్టా ఓటుకు జర్మనీ ఓటు కంటే దాదాపు పన్నెండు రెట్లు బరువుందని 2009లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానమే ఒక తీర్పులో లెక్క తేల్చింది. లెక్క నిజమే. అయితే ఒక్కరినే పంపితే ఆ దేశం నుంచి ఒక్క పార్టీ గొంతే వినిపిస్తుంది. 2024లో మాల్టా లేబర్ పార్టీ నుంచి ముగ్గురిని, నేషనలిస్ట్ పార్టీ నుంచి ముగ్గురిని పంపింది. నా మటుకు నాకు ఆరు సీట్లు ఎక్కువనిపించవు.

ఇక ఓటింగ్. పదహారేళ్లు నిండితే చాలు, ఓటుంటుంది. దేశమంతా ఒకే నియోజకవర్గం. ఓటరు బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేసుకుంటూ పోతాడు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసినవాళ్లకు ఇది తెలిసిన పద్ధతే. కౌంటింగ్ ఎంతకీ తెమలక ఏజెంట్లు పడే టెన్షన్ కూడా తెలిసిందే. తేడా ఏమిటంటే, మన దగ్గర గెలిచేది ఒక్కరు, అక్కడ ఆరుగురు. అందుకని చెల్లిన ఓట్లలో ఏడో వంతు దాటితే గెలిచినట్టే, ఆ గీత ఏడుగురు దాటడం కుదరదు కదా. అంతకు మించి వచ్చిన ఓట్లు వృథా కావు, తర్వాతి ప్రాధాన్యం ప్రకారం మరొకరికి వెళ్తాయి. 2024లో ఈ కోటా, అంటే గెలుపుకు కావాల్సిన ఓట్లు, 37 వేల చిల్లర. నేషనలిస్ట్ పార్టీ అభ్యర్థి రోబర్టా మెత్సోలాకు మొదటి ప్రాధాన్య ఓట్లే 87 వేలు దాటాయి. ఆ మిగులే ఆమె పార్టీలో మిగతావాళ్లకు ఊతమైంది.

అసలు ఆమె ఈ సభలో అడుగుపెట్టిన తీరు చూడండి. 2004లో, 2009లో పోటీచేసి ఓడిపోయారు. 2013లో ఆమె పార్టీ సభ్యుడొకరు పదవి వదులుకున్నారు. మనకైతే ఉప ఎన్నిక, మళ్లీ మైకులు, మళ్లీ ఇంటింటి ప్రచారం. మాల్టాలో అలా కాదు. తప్పుకున్న సభ్యుణ్ని గెలిపించిన పాత బ్యాలెట్లనే బయటికి తీసి, ఆ ఓటర్లు ఆయన తర్వాత ఎవరి పేరు ఎదుట అంకె వేశారో చూస్తారు. జనం మళ్లీ పోలింగ్ కేంద్రానికి పోనక్కర్లేదు. ఎప్పుడో వేసిన అంకె ఇలా పనికొస్తుంది. మెత్సోలా వచ్చింది ఆ దారిలోనే.

2022 జనవరిలో, సరిగ్గా తన 43వ పుట్టినరోజున, ఆమె సభాధ్యక్షురాలయ్యారు. 2024 జులైలో రెండోసారి నిలబడితే 562 ఓట్లు పడ్డాయి. రహస్య ఓటింగ్ కనుక ఎవరు వేశారో తెలియదు. మాల్టా వాళ్లందరూ వేశారనే అనుకున్నా, అందులో వాళ్ల ఓట్లు ఆరే.