బిల్లు అడుగున రాసిన 'ఆదా'లో మన చేతికి వచ్చేదెంత?

[దృశ్యం: బ్రాడీపేటలో మా వంటింటి గట్టు. రెండు సంచుల సరుకులు, పక్కన పొడుగాటి బిల్లు. కెమెరా బిల్లు చివరి వరుస మీద ఆగుతుంది.]

నమస్కారమండీ. ఇది మా ఇంటి నెల సరుకుల బిల్లు. అడుగున చూడండి, "మీరు ఆదా చేసింది 640 రూపాయలు" అని ఉంది. ఇలాంటి అంకె చూసుకుని నేను చాలాకాలం మురిసిపోయాను. గుంటూరులో ఇప్పుడు ఎవరిని కదిపినా సరుకులకు డిస్కౌంట్ కొట్టుకే వెళ్తున్నామంటారు. అక్కడ తక్కువకు దొరకడం నిజమే. ఆ తక్కువ ఎలా వస్తుందో ముందు చూద్దాం. ఈ 640 సంగతి ఆఖర్న తేలుద్దాం.

[దృశ్యం: అట్టపెట్టెల్లోనే వరసగా పేర్చిన సబ్బులు, బట్టల పౌడర్లు.]

ఖర్చులు తగ్గించుకుని చౌకగా అమ్మే ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది జర్మనీలోని ఆల్డీ అనే కొట్ల సంస్థ. ఎస్సెన్ ఊళ్లో తల్లి నడిపిన చిన్న కొట్టును ఆల్‌బ్రెక్ట్ అన్నదమ్ములు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చేతిలోకి తీసుకున్నారు. ఆల్‌బ్రెక్ట్, డిస్కౌంట్ అనే రెండు మాటలు కలిపితే వచ్చిన పేరే ఆల్డీ. హంగులేమీ ఉండవు. సరుకుల రకాలు తక్కువ. పెట్టె పైభాగం కోసి అలాగే అరలో పెట్టేస్తారు. ట్రాలీ కావాలంటే నాణెం వేసి తీసుకోవాలి, తిరిగి తెచ్చి పెడితే నాణెం మనకు వస్తుంది. దాంతో ట్రాలీలు పోగుచేయడానికి వేరే మనిషితో పని లేదు.

మన దగ్గర డీమార్ట్ తొలి కొట్టు 2002లో ముంబై పొవాయిలో తెరిచారు. పెట్టినవారు రాధాకిషన్ దమానీ. వాళ్ల కొట్లు చాలావరకు సొంత స్థలాల్లోనే ఉంటాయి, కాబట్టి నెలనెలా అద్దె బరువు లేదు. సరుకు ఇచ్చిన కంపెనీలకు డబ్బు త్వరగా కట్టేస్తారు, అందుకని కొనేటప్పుడే రేటు తగ్గుతుంది. ఒక్కో వస్తువు మీద లాభం కొంచెమే వేసుకుని, ఎక్కువ అమ్ముతారు.

ఇక మిగతా పని మనది. వెతుక్కోవడం, క్యూలో నిలబడడం, మోసుకోవడం. మా వీధి చివర కిరాణా కొట్టుకు ఫోన్ చేస్తే కుర్రాడు బండి మీద తెచ్చి గుమ్మంలో పెడతాడు. డబ్బులు లేకపోతే ఖాతాలో రాసుకుంటారు. ఆ సేవకు అయ్యే ఖర్చు వాళ్ల రేటులో ఉంటుంది. అది అన్యాయమని నేననను.

[దృశ్యం: రెండు నూనె ప్యాకెట్లు పక్కపక్కన. ఎత్తు దాదాపు ఒకటే.]

అసలు జాగ్రత్తపడాల్సింది ఇక్కడ. ఈ రెంటినీ చూడండి. చూపుకు కవలల్లా ఉన్నాయి. ఒకటి 150 రూపాయలు, రెండోది 130 అనుకుందాం. చెయ్యి తిన్నగా 130 మీదికే పోతుంది. ఇప్పుడు తిప్పి చూద్దాం. మొదటి దాని మీద ఒక లీటరు, 910 గ్రాములు అని ఉంది. లీటరు నూనె కిలో తూగదు, సుమారు 910 గ్రాములే తూగుతుంది. రెండో దాని మీద 750 గ్రాములు. లెక్క కడితే మొదటిది కిలో 165 దగ్గర పడింది, రెండోది 173. ఇరవై రూపాయలు తక్కువనుకున్న ప్యాకెట్టే కిలోకు ఎనిమిది రూపాయలు ఎక్కువ!

ఇదివరకు కొన్ని సరుకులను ఫలానా బరువుల్లోనే ప్యాక్ చేయాలన్న నియమం ఉండేది. 2021లో కేంద్రం ఆ నిబంధనలు సవరించి దాన్ని తీసేసింది. బదులుగా గ్రాముకో, కిలోకో, లీటరుకో ధర ఎంత పడుతుందో ప్యాకెట్ మీద వేయాలంది. ఎమ్మార్పీ పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. అయితే అది ఎమ్మార్పీ మీద కట్టిన లెక్క. కొట్టువాళ్లు తగ్గించిన ధరకు మనమే ఫోన్లో లెక్క కట్టుకోవాలి. ధరను గ్రాములతో భాగించి వెయ్యితో హెచ్చిస్తే కిలో రేటు వస్తుంది. షాంపూకి కూడా ఇలా కట్టి చూడండి. పెద్ద సీసా కంటే చిన్న సాషేలే చౌకగా పడడం చాలాసార్లు చూశాను.

[దృశ్యం: బియ్యం బస్తా. బరువు అంకె దగ్గరగా.]

బస్తా మీద 26 కిలోలు అని ఎందుకుంటుందో చాలామంది అడుగుతారు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి, లేబుల్ వేసి అమ్మే బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. ఒక్క కిలో పెంచితే ఆ పన్ను లేదు. సరే, బస్తా రాగానే మా అత్తయ్య అడిగేది ఒకటే, "పాత బియ్యమేనా అమ్మాయ్?" అని. మనకు బాపట్ల బీపీటీ అన్నం అలవాటు. కొత్త బియ్యం ముద్దయిపోతుంది. బస్తా మీద తేదీ ప్యాక్ చేసిన తేదీయే, ధాన్యం ఎన్నాళ్లదో అది చెప్పదు. డిస్కౌంట్ కొట్లో అడగడానికి మనిషి దొరకడు. కిరాణా కొట్టాయన గుప్పెడు చేతిలో పోసి, వాసన చూపించి మరీ ఇస్తాడు. అందుకే బియ్యం ఆయన దగ్గరే.

కారం సంగతి చెప్పక్కర్లేదు. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో ఉండి ప్యాకెట్ కారం కొనడానికి నాకు చేతులు రావు. కొత్త కాయలొచ్చినప్పుడు తొడిమలు తీసి, ఎండబెట్టి మర పట్టించుకుంటాం. కూరగాయలకు రైతు బజారు ఉండనే ఉంది, 1999 నుంచి.

[దృశ్యం: అరకు అంటించిన ధర చీటీ, పైన పప్పు ప్యాకెట్.]

కౌంటర్ దగ్గర ఒక జాగ్రత్త. ఓసారి ఒక కొట్లో పెసరపప్పు కింద చీటీ చూసి తీసుకున్నాను. ఇంటికొచ్చి బిల్లు చూస్తే ధర ఎక్కువ. ఆ చీటీ వేరే కంపెనీ ప్యాకెట్‌ది, ఎవరో అరలు మార్చారు. మర్నాడు బిల్లు పట్టుకెళ్తే వాపసు తీసుకున్నారు, కానీ నాకు ఒక పూట పోయింది. చీటీ మీద పేరూ బరువూ ప్యాకెట్‌తో సరిపోయాయో లేదో అక్కడే చూసుకోండి. ఎవరైనా ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

[దృశ్యం: బిల్లు పక్కన కిరాణా కొట్టు చిట్టా. పెన్నుతో ఒక్కో వరుసా టిక్ పెడుతూ.]

ఇప్పుడు 640 దగ్గరికొద్దాం. అది ఎమ్మార్పీతో పోల్చిన ఆదా. కిరాణా కొట్టాయన కూడా ఎమ్మార్పీకి అమ్మడు కదండీ! ఆయన రేట్లతో ఒక్కొక్కటీ పోలిస్తే నాకు నిజంగా మిగిలింది 270. ఎక్కువ తేడా సబ్బులు, బట్టల పౌడరు, గిన్నెల సబ్బు, టీ పొడిలో వచ్చింది. పప్పుల్లో దాదాపు ఏమీ లేదు. ఆటోకు పోనురాను 120. మిగిలింది 150. లిస్టులో లేకుండా తెచ్చిన ప్లాస్టిక్ డబ్బా, బిస్కెట్లు కలిపి 210.

ఇది చూశాక వెళ్లడం మానలేదు, తీరు మార్చుకున్నాను. రెండు నెలలకోసారి, పాడవని సరుకులకే వెళ్తున్నాను. జీతాలొచ్చిన మొదటి వారం, ఆదివారాలు వదిలేసి, మామూలు రోజు పొద్దున్నే. పప్పులు ఎక్కువ తెస్తే పురుగు పడతాయి, అవి వీధి కొట్లోనే. పోయినసారి పక్కింటి వదినతో కలిసి వెళ్లాను, ఆటో చెరి అరవై పడింది. నా లిస్టు వదిన చేతిలో పెట్టి, ఆవిడది నేను పట్టుకున్నాను. స్టీలు డబ్బాల వరుస దగ్గర నేను ఆగగానే వదిన లిస్టు తీసి చదవడం మొదలుపెట్టింది.