బ్రిగ్గెన్ చెక్క ఇళ్లు, వాటి కింది నీరు

సభకు నమస్కారం.

నార్వే పడమటి తీరాన బెర్గెన్ రేవులో బ్రిగ్గెన్ అనే పాత వర్తకవాడ ఉంది. జర్మనీ నుంచి వచ్చిన హాన్సా (ఉత్తర ఐరోపా వర్తక నగరాల కూటమి) వర్తకులు 14వ శతాబ్దం నుంచి అక్కడ కొఠీ పెట్టుకుని, ధాన్యం అమ్మి, ఉత్తరాది ఎండుచేపలు కొనేవారు. ఒకదాన్నొకటి ఆనుకుని నిలిచిన ఆ చెక్క కట్టడాల్లో ఇప్పుడు మిగిలినవి 62. వాటిని యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

1702 అగ్నిప్రమాదంలో ఈ వాడ బూడిదైంది. మళ్లీ కట్టినవారు పాత స్థలాల్లోనే, పాత పద్ధతిలోనే, దుంగ మీద దుంగ పేర్చి మూలల్లో గాళ్లు కోసి బిగించారు. నిప్పు భయంతో ఆ ఇళ్లలో పొయ్యి వెలిగించనిచ్చేవారు కారు. వంటా, చలి కాచుకోవడమూ వెనక విడిగా కట్టిన శాలల్లోనే. అంతటి చలిదేశంలో నిప్పు లేని గదుల్లో నిద్రించిన, వర్తకుల దగ్గర పనిచేసిన కుర్ర గుమాస్తాల ఓర్పును తలచుకోకుండా ఈ ఇళ్ల గురించి మాట్లాడలేను.

1955లో మరో అగ్నిప్రమాదం వాడలో కొంత భాగాన్ని మింగింది. కాలిన చోట పురావస్తు శాస్త్రవేత్త అస్బ్యోర్న్ హెర్టైగ్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపితే, పొరలు పొరలుగా పాత రేవుల దుంగలూ, రూన్ అనే ఉత్తర ఐరోపా పాత లిపిలో చెక్కిన వందల శాసనాలూ బయటపడ్డాయి. వాటిలో ఒక చిన్న పుల్ల మీద ఉన్న మాట ఇది: గ్యూదా నిన్ను ఇంటికి వెళ్లమంటోంది. ఎవరికి పంపిన కబురో గానీ, అంత సన్నని పుల్ల అన్ని శతాబ్దాలు పుచ్చకుండా ఉండడానికి కారణం తడినేల. నేలలో నీరు నిండి ఉన్నంతకాలం కర్రకు గాలి తగలదు, గాలి తగలని కర్రను పుచ్చబెట్టే జీవులు బతకలేవు.

ఇళ్ల పునాదులూ ఆ తడినేలలోని దుంగలే. గోడలకు పొడి కావాలి, పునాదికి తడి కావాలి. ఈ రెండో సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. కాలిన స్థలంలో తర్వాత హోటల్ కట్టినప్పుడు నేలలో ఉక్కు పలకల గోడ దింపి, లోపల చేరే నీటిని బయటికి పోనిచ్చారు. దాంతో పక్కనున్న పాత ఇళ్ల కింద నీటిమట్టం పడిపోయి, గాలి చొరబడి, శతాబ్దాలుగా చెక్కుచెదరని పొరలు కుళ్లి కుంగసాగాయి. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే అయినా ఇళ్లు ఒరిగిపోవడానికి అది చాలు. గోడకు రంగు వేసి, కప్పు బాగుచేసి సంతృప్తి పడేవారు గమనించవలసిన విషయం ఇదే.

వైద్యం కూడా నీటితోనే జరిగింది. ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసే ఊరది. ఆ వాననీటిని కాలువల్లో సముద్రంలోకి తరిమేయకుండా, గడ్డి పల్లాల్లోకీ వాన తోటల్లోకీ మళ్లించి నేలలోకి ఇంకించారు. మరోవైపు వడ్రంగులు ఇళ్లను జాకీలతో పైకెత్తి, పుచ్చిన దుంగనే తీసి, దాని చోట అదే జాతి కలపను పాత గాడికి సరిపోయేలా చెక్కి కూర్చారు. గట్టిగా ఉన్న పాత దుంగను ముట్టుకోలేదు. ఇప్పుడు ఇళ్ల మధ్య నేలలోకి దింపిన గొట్టాల్లో నీటిమట్టాన్ని కొలుస్తూ, అది తగ్గకుండా చూసుకుంటున్నారు.