జాతికోడి నిలవాలంటే ఒక్క పుంజు చాలదు

నమస్తే అండి. మన నల్గొండ, పాలమూరు పల్లెల్లో జాతికోడి, అంటే అసీల్, అనగానే అందరి చూపూ పుంజు మీదికే పోతుంది. కాళ్లెంత బలం, మెడెంత పొడుగు, రంగు డేగా, కాకా అని అడుగుతారు. తల్లి పెట్ట ఏదని అడిగేవాళ్లు చాలా తక్కువ. అసీల్ జాతికి అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది.

ఒక లెక్క చెప్తాను, కొంచెం ఓపిగ్గా వినండి. మీ దగ్గర 1 పుంజు, 10 పెట్టలు ఉన్నాయనుకోండి. చూడటానికి 11 కోళ్లు. కానీ పుట్టే ప్రతి పిల్లలో సగం రక్తం ఆ ఒక్క పుంజుదే. దీనికి జన్యుశాస్త్రంలో ఒక సూత్రం ఉంది. పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో గుణించి, దాన్ని మళ్లీ 4తో గుణించి, మొత్తం కోళ్ల సంఖ్యతో భాగించాలి. 40ని 11తో భాగిస్తే వచ్చేది 3.6. అంటే వంశం లెక్కలో మీ మంద నాలుగు కోళ్ల పాటి కూడా కాదు! అవే 10 పెట్టలకు 5 పుంజులుంటే ఆ సంఖ్య 13 దాటుతుంది. అలా ఒక్క పుంజుతోనే నడుపుతూ తండ్రికి కూతుళ్లను, అన్నకు చెల్లెళ్లను కలుపుతూ పోతే గుడ్లు సరిగా పొదగవు, పిల్లలు నిలవవు. మనమేమో ఏదో రోగం వచ్చిందనుకుంటాం.

ఇంకొకటి, రక్తం కలిసిపోవడం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా, గ్రామప్రియ మంచి కోళ్లే. గుడ్ల కోసం పెంచేవాళ్లకు లాభమే. కానీ అవి, అసీల్ ఒకే వాకిట్లో తిరగకూడదు. అసీల్ పెట్ట ఏడాదికి 100 గుడ్ల లోపే పెడుతుంది, నిజమే. అయితే 21 రోజులు గంప కింద కదలకుండా కూర్చుంటుంది, గద్ద వస్తే ఎదురు తిరుగుతుంది. వనరాజా పెట్టకు పొదిగే గుణం దాదాపు లేదు. రెండూ కలిస్తే ఆ గుణం పలచబడుతుంది. అప్పుడు పిల్లల్ని ప్రతిసారీ కొనాల్సిందే.

అదే సంస్థ అసీల్ మందను కూడా కాపాడుతోంది. సంతోషం. కానీ ఒక్కచోటే ఉంటే, బర్డ్ ఫ్లూ లాంటిది వస్తే ఏంటి పరిస్థితి? అందుకే పల్లెల్లోనూ ఉండాలి.

పందేల గురించి ఈ ఛానల్‌లో మాట్లాడను. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం అది నేరం. పైగా మంచి పుంజు కత్తికి పోతే దాని వంశమూ అక్కడే ఆగిపోతుంది.

దేవరకొండలో పెంచేవాళ్లు, అచ్చంపేటలో పెంచేవాళ్లు పుంజుల్ని మార్చుకోండి. ఒక్కో తల్లి పిల్లలకు ఒక్కో రంగు రింగు కాలికి వేసి, నోట్‌బుక్‌లో రాసుకోండి. కొత్తగా తెచ్చిన పుంజును మాత్రం రెండు మూడు వారాలు వేరే గూట్లో ఉంచండి. కొక్కెర రోగం టీకా వేయించారో లేదో ముందే అడగండి. వేయించకపోతే పశువుల డాక్టరుకు చూపించాకే మందలో వదలండి.