తినే ముందు రెండు నిమిషాలు: బండిని చూసి పసిగట్టడం ఎలా?

[దృశ్యం: సాయంత్రం. తిండి బండ్లు బారులు తీరిన వీధి. పొగ, గరిటెల చప్పుడు.]

వాయిస్: ఇలాంటి వీధిలో అడుగు పెట్టగానే ముక్కు ఒకవైపు లాగుతుంది, కళ్లు ఇంకోవైపు. ఆకలి మీదుంటే మొదట కనిపించిన బండి దగ్గరే ఆగిపోతాం. ఆగకండి. ముందు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఉత్త చేతులతో ఒకసారి నడిచి రండి. ఎవరి దగ్గర తిండి పొయ్యి మీంచి నేరుగా ప్లేట్లోకి వస్తోంది, ఎవరి దగ్గర చేసి పెట్టింది అలాగే పడి ఉంది, అంతవరకు చూస్తే చాలు.

కొత్త రంగు, తళతళలాడే స్టీలు చూసి బండి శుభ్రమైనదని అనుకుంటాం. కడుపు పాడుచేసే విషయాల్లో ముఖ్యమైనవి రెండూ ఆ మెరుపులో కనిపించవు. ఒకటి వేడి, రెండోది సమయం.

[తెర మీద: 5 డిగ్రీలు – 60 డిగ్రీలు]

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఇది. వండినదైతే 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉండాలి, లేదంటే 5 డిగ్రీల కన్నా చల్లగా ఉండాలి. ఈ రెండింటి మధ్యా ఉంటే బ్యాక్టీరియాకు పండగే. పరిస్థితి బాగా అనుకూలిస్తే కొన్ని రకాలు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. అంటే ఒక్కటి గంటలో 8, రెండు గంటల్లో 64, నాలుగు గంటల్లో 4,096. వండిన తిండిని బయట రెండు గంటలకు మించి ఉంచొద్దనేది అందుకే.

మన దగ్గర థర్మామీటర్ ఉండదు కదా. నోరే కొలత. 60 డిగ్రీల తిండిని ఊదుకోకుండా గబుక్కున మింగలేం. మొదటి ముద్దే హాయిగా, గోరువెచ్చగా దిగిపోయిందా? అనుమానించాల్సింది అక్కడే.

[దృశ్యం: ఒక బండి ముందు పొడవాటి క్యూ.]

"జనం ఉన్నచోట తినండి" అనే సలహా సగమే నిజం. జనం ఎక్కువైతే సరుకు త్వరగా కదులుతుంది, నిజమే. కానీ రద్దీ వస్తుందని మధ్యాహ్నమే గుట్టగా చేసి పెట్టుకుంటే, క్యూ ఎంత పొడవున్నా మీ ప్లేట్లోకి వచ్చేది మధ్యాహ్నపు తిండే. తలలు లెక్కపెట్టడం కాదు, మూకుడు చూడండి.

రద్దీలో ఇంకో ఇబ్బంది ఉంది. మాంసాన్ని ముందే సగం వేయించి పక్కన పెడతారు. అడిగినప్పుడు మళ్లీ ఒక్క నిమిషం నూనెలో ముంచి తీస్తారు. పైన ఎర్రగా కరకరలాడుతుంది, లోపల చల్లగా ఉంటుంది. చేతికి రాగానే పెద్ద ముక్కను మధ్యకి చీల్చండి. నడిమధ్య నుంచి కూడా ఆవిరి రావాలి. అక్కడ 70 డిగ్రీలు దాటితేనే ఉడికినట్టు లెక్క. రంగును నమ్ముకోవద్దు.

[దృశ్యం: పెద్ద గిన్నెలో చల్లారిన అన్నం.]

"మళ్లీ బాగా వేడి చేశాం, ఏం కాదు" అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. అన్నం విషయంలో ఇది పనికిరాదు. బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బియ్యంలో గట్టి పెంకులాంటి స్పోర్ల రూపంలో ఉంటుంది. ఉడికించినా అవి చావవు. అన్నం నెమ్మదిగా చల్లారుతుంటే మేల్కొని పెరుగుతాయి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. మళ్లీ వేయిస్తే బ్యాక్టీరియా చావొచ్చు గానీ ఆ విషం చెక్కుచెదరదు. వాసనలో, రుచిలో తేడా తెలియకపోవచ్చు. వేపుడు అన్నం తినాలనుకుంటే ఒక్కటే ప్రశ్న అడగండి: అన్నం ఎప్పుడు వండారు?

పెద్ద డేగిసాల్లో చేసిన మాంసం కూరదీ దాదాపు ఇదే కథ. పైన చల్లారినా నడుమ గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది.

[దృశ్యం: క్లోజప్. ఒక చెయ్యి నోటు తీసుకుంటుంది, చిల్లర ఇస్తుంది, అదే చెయ్యి రొట్టె అందుకుంటుంది.]

ఇక ఈ చేతిని రెండు నిమిషాలు గమనించండి. గ్లవ్స్ ఉన్నాయా లేవా అన్నది పెద్ద విషయం కాదు. డబ్బు పట్టుకున్న గ్లవ్ తిండిని తాకితే, ఉట్టి చేతికీ దానికీ తేడా లేదు. డబ్బుకు ఒకరు, తిండికి ఒకరు ఉన్న బండి మేలు. పటకారు కూడా చూడండి. పచ్చి మాంసాన్ని నిప్పుల మీద పెట్టిన పటకారుతోనే కాలిన ముక్కను తీసి ప్లేట్లో వేస్తే, నిప్పుల మీద చచ్చిన క్రిములు కాస్తా మళ్లీ వచ్చి చేరతాయి. అన్నిటికన్నా భయపెట్టేది భుజం మీద తడిగుడ్డ. ప్లేటూ దాంతోనే, బల్లా దాంతోనే, చేతులూ దాంతోనే తుడుస్తారు!

[దృశ్యం: క్లోజప్. మూకుట్లో నూనె.]

నూనె దాచుకోలేదు, చెప్పేస్తుంది. వేపుడుకు 170 నుంచి 190 డిగ్రీల వేడి కావాలి. అంత వేడిలో ముక్క పడగానే చుట్టూ చిన్న బుడగలు జోరుగా లేచి, తడి ఆరిపోయే కొద్దీ తగ్గుతాయి. వేడి చాలకపోతే బుడగలు మందకొడిగా ఉంటాయి, ముక్క నూనె పీల్చి మెత్తబడుతుంది. ఒకేసారి గుప్పెళ్లకొద్దీ వేస్తే జరిగేది ఇదే.

పదేపదే కాగిన నూనె సంగతి వేరు. బాగా నల్లబడి, చిక్కబడి, గరిటె నుంచి జిడ్డుగా జారుతుంది. నురగ మూకుడంతా పరుచుకుని అణగదు. మామూలు వేడికే కళ్లు మండించే పొగ వస్తుంది. అడుగున మాడిన పొడి, పైనుంచి చల్లిన ఉప్పు, ముక్కల్లోని నీళ్లు దాన్ని ఇంకా త్వరగా పాడుచేస్తాయి. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, మసాలా పూసిన ముక్కలు వేయించినా నూనె ఎర్రబడుతుంది. నురగ, పొగ, చిక్కదనం, ఈ మూడూ కలిసి కనిపిస్తే పక్క బండికి వెళ్లండి.

[దృశ్యం: ఐస్ వేసిన గ్లాసులు, కోసి పెట్టిన పండ్లు.]

తాగేవాటిలో అసలు మెలిక ఐస్. గడ్డకట్టిస్తే క్రిములు చావవు, నిద్రపోతాయంతే. నీళ్లు ఎంత మంచివో ఐస్ అంతే మంచిది. మూత తీయని సీసా కొని, అందులోకి ఎక్కడిదో తెలియని ఐస్ వేయించుకుంటే సీసా కొన్న లాభం పోయినట్టే. మరిగించి అప్పుడే పోసిన టీ, కాఫీలు నిశ్చింత. కోసి పెట్టిన పండ్ల కన్నా కళ్ల ముందు కోసినవి నయం, అదీ తొక్క కడిగితేనే. కత్తి దిగేటప్పుడు తొక్క మీది మురికి గుజ్జులోకి పోతుంది.

[తెర మీద: తేడా చేస్తే?]

జాగ్రత్తపడ్డా ఒక్కోసారి తప్పదు. చివరగా తిన్న బండినే తిట్టుకుంటాం గానీ, అది తప్పు కావచ్చు. అన్నంలోని విషమైతే 1 నుంచి 6 గంటల్లో వాంతులు మొదలవుతాయి. నోరోవైరస్‌కు 12 నుంచి 48 గంటలు పడుతుంది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అయితే కొన్నిసార్లు ఆరు రోజులు తీసుకుంటుంది.

కారణం ఏదైనా ముందు నీళ్లు, లవణాలు పూడ్చాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే కలపండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాలి, గోపురంలా కాదు. చక్కెర ఎక్కువైతే పేగు ఇంకా నీళ్లు లాగి విరేచనాలు పెరుగుతాయి, ఉప్పు ఎక్కువైతే అసలుకే ప్రమాదం. వాంతి అవుతుంటే గ్లాసుతో కాదు, చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి.

మలంలో రక్తం, తీవ్ర జ్వరం, ఏది తాగినా నిలవకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, మూడు రోజులైనా విరేచనాలు ఆగకపోవడం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. రక్తమో జ్వరమో ఉన్నప్పుడు విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేసుకోవద్దు. పసిపిల్లలు, గర్భిణులు, పెద్ద వయసువాళ్లయితే అంతదాకా కూడా ఆగకండి.