రోల్స్ రాయిస్: బానెట్ కింద సంగతి

అందరికీ నమస్కారం. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్ చూసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. అక్కడ పసుపు రంగు కారు గుర్తుందా? 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, నిజాం కోసం చేయించింది. వెనకాల సింహాసనంలా ఎత్తుగా ఒక సీటు. మన దగ్గర రోల్స్ రాయిస్ అనగానే గుర్తొచ్చేది ఆ దర్జానే. మీరు మెకానికల్ పిల్లలు కాబట్టి, ఇవాళ బానెట్ ఎత్తి మాట్లాడదాం.

ఈ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడైన హెన్రీ రాయిస్‌ది లేమి కుటుంబం. తండ్రి పిండిమర నడిపి దెబ్బతిన్నాడు. పిల్లాడు పేపర్లమ్మాడు, టెలిగ్రాములు పంచాడు. రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరి, డబ్బు కట్టలేక మధ్యలోనే మానేశాడు. తర్వాత మాంచెస్టర్‌లో డైనమోలు, కరెంటు క్రేన్లు చేసే చిన్న కంపెనీ పెట్టుకున్నాడు. ఒక సెకండ్ హ్యాండ్ ఫ్రెంచి కారు కొన్నాడు, డెకావిల్ అని. అది నచ్చలేదు. మనమైతే అమ్మినవాణ్ని నాలుగు తిట్టి ఊరుకుంటాం. ఆయన దాన్ని విప్పి చూసి, తనే ఒకటి కట్టి, 1904 ఏప్రిల్ 1న రోడ్డెక్కించాడు. అందులో బ్రహ్మాండమైన కొత్త ఆవిష్కరణ ఏమీ లేదు. ఉన్న భాగాలనే ఇంకాస్త శ్రద్ధగా చేశాడు, అంతే. నా లెక్కలో ఈ కంపెనీ గుణం ఆ రోజే ఖాయమైంది.

ఆ మే నెలలో మిడ్‌లాండ్ హోటల్లో చార్లెస్ రోల్స్‌ను కలిశాడు. రోల్స్ పెద్దింటి బిడ్డ, కేంబ్రిడ్జి చదువు, లండన్‌లో కార్ల వ్యాపారం. 1906లో కంపెనీ పెట్టారు. రోల్స్‌కు విమానాల పిచ్చి. 1910లో బోర్న్‌మౌత్ ప్రదర్శనలో విమానం కూలి 32 ఏళ్లకే పోయాడు. అయినా కంపెనీ విమానాలను వదల్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈగిల్ ఇంజన్ చేసింది. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు వైమానికులు విమానంలో ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ దాటింది రెండు ఈగిల్ ఇంజన్ల మీదే.

తర్వాత మెర్లిన్ ఇంజన్. 27 లీటర్లు, 12 సిలిండర్లు. స్పిట్‌ఫైర్, హరికేన్ అనే రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ ఫైటర్ విమానాల గుండెకాయ. దానికో జబ్బుండేది. పైలట్ ముక్కు వంచి ఒక్కసారిగా డైవ్ కొడితే, పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్లో పెట్రోల్ పైకెగసి ఇంజన్ తడబడేది. ఆ వెంటనే పెట్రోల్ ఎక్కువై, ఓవర్‌ఫ్లో అయిన పాత స్కూటర్‌లా ముక్కేది. జర్మన్ విమానాల్లో పెట్రోల్‌ను నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ కాబట్టి వాళ్లకు ఈ బాధ లేదు. వెనక శత్రువు ఉన్నప్పుడు ఇంజన్ అలా చేస్తే ఎంత టెన్షనో ఊహించుకోండి. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ప్రభుత్వ ఇంజనీరు పెట్రోల్ దారిలో చిల్లున్న చిన్న లోహపు ముక్క పెట్టించింది. ఇంజన్‌కు కావలసినంతే వెళ్తుంది, వరద రాదు. పూర్తి మందు తర్వాత వచ్చిందిగానీ, అప్పటికి గండం గట్టెక్కించింది ఆ ముక్కే. ఆవిడ బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద మోటార్ సైకిల్ రేసులు నడిపిన మనిషి కూడా. అమ్మాయిలు గుర్తుపెట్టుకోండి.

ఇక కంపెనీని ముంచిందీ ఇంజనే. 1968లో అమెరికా విమానాల కంపెనీ లాక్‌హీడ్‌కు ఆర్‌బీ 211 జెట్ ఇంజన్ ఇస్తామని ముందే ధర ఒప్పుకుంది. బరువు తగ్గాలని ముందుండే ఫ్యాన్ రెక్కలు కార్బన్ ఫైబర్‌తో చేసింది. పక్షి తగిలితే తట్టుకుంటాయా అని చచ్చిన కోడిని గన్‌తో పేల్చి చూస్తారు. రెక్కలు ముక్కలయ్యాయి. టైటానియంకు మారాల్సి వచ్చింది, ఖర్చు తడిసి మోపెడైంది. 1971 ఫిబ్రవరి 4న రోల్స్ రాయిస్ చేతులెత్తేసింది. ప్రభుత్వం ఇంజన్ల వ్యాపారాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. రిటైరైన ఇంజనీరు స్టాన్లీ హుకర్‌ను వెనక్కి పిలిచారు. ఆయన తనలాంటి పాత కాపులను వెంటబెట్టుకుని ఇంజన్‌ను దారికి తెచ్చాడు. 1972లో లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానాలు దానితో ప్రయాణికులను ఎక్కించుకున్నాయి. నేటి ట్రెంట్ ఇంజన్లు ఆ వంశమే. ఎయిర్‌బస్ ఏ350 ఎక్కితే రెక్కల కింద ఉండేది అవే.

కార్ల విభాగాన్ని 1973లో విడదీసి అమ్మేశారు. 1998లో తమాషా జరిగింది. ఫోక్స్‌వ్యాగన్ 43 కోట్ల పౌండ్లు పోసి క్రూ ఊళ్లోని ఫ్యాక్టరీని, బెంట్లీ కార్ల బ్రాండును కొనుక్కుంది. కానీ కార్ల మీద రోల్స్ రాయిస్ పేరు ఎవరు వాడుకోవాలో చెప్పే హక్కు ఇంజన్ల కంపెనీ దగ్గరుండిపోయింది. వాళ్లు దాన్ని 4 కోట్ల పౌండ్లకు బీఎండబ్ల్యూకి ఇచ్చారు. 2003 నుంచి కార్లు ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో బీఎండబ్ల్యూ చేస్తోంది. డార్బీలో ఇంజన్లు ఇంజన్ల వాళ్లే చేస్తున్నారు.