షీటు బాగుంది, కంటైనర్ వెనక్కొచ్చింది

అందరికీ నమస్కారం. పోయిన వారం ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల గుంట గట్టు మీద నిలబడి ఉన్నా. పనాయన చెక్ ట్రే, అంటే రొయ్యలు మేత ఎంత తిన్నయ్యో చూడటానికి నీళ్ళలో దించే పళ్ళెం, పైకి లాగాడు. అడుగున మిగిలిన మేత చూసి, "అన్నా, సాయంత్రం మేత తగ్గించాల" అన్నాడు. ఆ ఒక్క మాట ఖరీదు ఎంతో మీకు లెక్క కట్టి చెప్తా.

ఒక గుంటలో 5 టన్నుల పట్టుబడి వచ్చిందనుకోండి. కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టిందో అదే ఎఫ్‌సీఆర్. అది 1.2 అయితే మేత 6 టన్నులు. 1.6 అయితే 8 టన్నులు. మేత కిలో 90 రూపాయలు వేసుకున్నా, లక్షా 80 వేలు తేడా! జబ్బులు, వానలు పక్కన పెడితే, ఆ తేడాలో పెద్ద వాటా ట్రే చూసే కంటిదే. రైతుకి ఇది తెలుసు. అందుకే మంచి పనోడిని పక్క గుంటోళ్ళు ఎగరేసుకుపోకుండా కాపాడుకుంటాడు.

మరి రొయ్యల్ని ఎగుమతికి సిద్ధం చేసే ప్లాంటుల్లో మనం ఏం చేస్తన్నాం? నేను కొన్నేళ్ళు ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో హెచ్‌ఆర్‌గా చేశా. పేరు వద్దులెండి. ఏడాది చివర మా హెచ్‌ఆర్ లెక్కల షీటు చూస్తే ముచ్చటేసేది. ట్రైనింగ్ గంటలు టార్గెట్ దాటినయ్. మానేసినోళ్ళ శాతం తగ్గింది. ఉద్యోగుల సర్వేలో మార్కులు పెరిగినయ్. ఆ ఏడాదే, యూరప్ పోయిన కంటైనర్ ఒకటి యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయని వెనక్కొచ్చింది.

తవ్వి చూస్తే సంగతి బయటపడింది. ల్యాబ్‌లో నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ల పరీక్షలు చేసే ఇద్దరూ మూడు నెలల ముందే మానేశారు. ఆరు వందల మందిలో ఇద్దరు. శాతంలో ఆ లెక్క కనపడనే కనపడదు. కానీ ఆ ఏడాది కంపెనీ పెట్టుకున్న లక్ష్యమేంది? యూరప్ ఆర్డర్లు పెంచాలని. మన పెంపకం రొయ్యల సరుకులో శాంపిల్ తీసే వాటాని 2016లోనే యూరప్ వాళ్ళు 10 నుంచి 50 శాతానికి పెంచారు. అంటే మా ప్లాన్ మొత్తం ఆ ల్యాబ్ బల్ల మీద నిలబడి ఉంది. మేం మాత్రం అందరినీ కలిపి సగటు తీసుకుంటా కూర్చున్నాం.

హ్యూజ్‌లిడ్, బీటీ, బెకర్ అని ముగ్గురు ప్రొఫెసర్లు 2005లో ఇదే చెప్పారు: మంచి మనుషుల్ని వెతికే ముందు, కీలకమైన కుర్చీ, అంటే ఉద్యోగం, ఏదో తేల్చుకోండి అని. కుర్చీ కీలకమా కాదా అనేదానికి జీతం గానీ హోదా గానీ గుర్తు కాదు. కంపెనీ గెలుపు దాని మీద ఆధారపడాల, అందులో బాగా చేసేవాడికీ మామూలుగా చేసేవాడికీ తేడా భారీగా ఉండాల. చెక్ ట్రే మనిషి సరిగ్గా అదే కదా!

కాబట్టి నా మాట ఇది. మీ కంపెనీలో అలాంటి నాలుగైదు కుర్చీలకి విడిగా ఒక కాయితం పెట్టండి. ఈయన రేపు రాకపోతే ఈ పని చేయగలిగినోళ్ళు ఎంతమంది ఉన్నారు? కొత్తోడు ఒంటరిగా రిపోర్టు మీద సంతకం పెట్టడానికి ఎన్ని నెలలు పడతంది? ట్రైనింగ్ గంటలు కాదు, ట్రైనింగ్ తర్వాత తప్పులు ఎన్ని తగ్గినయ్? ఇవి రాయండి. ప్లాన్ మారితే ఆ కాయితం కూడా మారాల. గడ్డకట్టించిన పచ్చి రొయ్య బ్లాకులు ఆపి ఉడికించిన సరుకులోకి దిగితే, అప్పుడు కుక్కర్ దగ్గర టెంపరేచర్ చూసే ఆపరేటర్ కుర్చీ పైకొస్తంది. ఇది హెచ్‌ఆర్ ఒక్కళ్ళే కూర్చుని తేల్చేది కాదు, ప్రొడక్షన్, సేల్స్ వాళ్ళు పక్కన ఉండాల్సిందే.

ల్యాబ్ మానేసిన ఆ ఇద్దరిలో ఒకరు కావలి పిల్లోడు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. మానేసే ముందు నెలకి మూడు వేలు పెంచమని అడిగాడు. "గ్రేడు ప్రకారం కుదరదు" అని ఫైలు మీద రాసి సంతకం పెట్టింది నేనే.